కప్పుల పంట, లీగుల కరవు

ఫుట్‌బాలు ఆటలో పోటీలు రెండు విధములు. మొదటిది కప్పు, రెండవది లీగు. కప్పు పోటీలో ఓడిన జట్టు ఆనాడే ఇంటిదారి పట్టవలెను. లీగులో ఓడిన జట్టు మరుసటి వారము మరల మైదానమునకు రావలెను. పైకి చూచుటకు ఈ భేదము స్వల్పమైనదే. కాని హైదరాబాదు ఫుట్‌బాలు ఎట్లు పెరిగినది, ఎట్లు తరిగినది యను ప్రశ్నకు సమాధానము చాలవరకు ఈ భేదమునందే యున్నదని మా యభిప్రాయము. నేటి ప్రసంగమున ఆ విషయమునే శ్రోతల యెదుట నుంచదలచితిమి.

మేము మెదకు పట్టణమువారము. జాతర యన నేమో, అంగడి యన నేమో మాకు చక్కగ తెలియును. మంజీర ఏడుపాయలుగ చీలిన తావున శివరాత్రికి జరుగు దుర్గమ్మ జాతరకు వేలకు వేలు జనము వత్తురు. మూడునాళ్లు గడచినంతనే గుడారములు విప్పుదురు. వారపు అంగడి అట్టిది కాదు. దానికి బాజాలు లేవు, బాణసంచా లేదు. కాని ఊరికి ఉప్పు, పప్పు, మిరప సమకూర్చునది అదియే. కప్పు జాతర వంటిది. లీగు అంగడి వంటిది.

కొంచెము లెక్క చూతము. పదునారు జట్లు ఒక కప్పు పోటీకి వచ్చెననుకొందము. మొదటి విడతలోనే ఎనిమిది జట్లు ఒక్కొక్క ఆటతో ముగిసిపోవును. కప్పు నెత్తిన విజేత సైతము ఆడునది నాలుగే ఆటలు. మొత్తము జరుగు ఆటలు 15. అదే పదునారు జట్లు లీగుగ కూడి, ప్రతి జట్టును తక్కిన ప్రతి జట్టుతోను ఒక్కొక్కసారి ఆడినచో 120 ఆటలు జరుగును. అన్నిటికంటె అడుగున మిగిలిన జట్టు కూడ 15 ఆటలు ఆడును.

మా ప్రాంతమున వేసవి సెలవులలో జరుగు కప్పు పోటీలను మేము చూచుచునే యున్నాము. పల్లెనుండి ట్రాలీ ఆటోలో పదునలుగురు పిల్లలు ఎక్కి వత్తురు. పది గంటలకు ఆట మొదలగును. పదునొకండున్నర కెల్ల తిరుగుప్రయాణము. ఏడాది పొడుగున సాయంకాలములందు అభ్యసించిన విద్య ఒక్క గంటలో ఖర్చయిపోవును. చేజారిన బంతిని గూర్చి ఆలోచించి, మరల పట్టి చూపుటకు ఆ గోల్‌కీపరునకు అవకాశము మరుసటి వేసవికి గాని రాదు. అప్పటికి ఆ పిల్లవాడు హైదరాబాదులో ఏ దుకాణములోనో పనికి కుదిరియుండును.

ఈ రెండువిధముల పోటీలును మన దేశమునకు ఆంగ్లేయుల సైనికులతో వచ్చినవే. డ్యూరాండ్ కప్పు 1888లోను, బొంబాయి రోవర్స్ కప్పు 1891లోను, కలకత్తా ఐ.ఎఫ్.ఏ. షీల్డు 1893లోను పుట్టినవి. కలకత్తా లీగు 1898లో మొదలయ్యెను. 1911 జూలై 29వ తేదీన మోహన్ బగాన్ జట్టు ఈస్ట్ యార్క్‌షైర్ పటాలమును ఓడించి షీల్డును గెలుచుకొనిన కథ శ్రోతలకు తెలిసినదే. ఆ జట్టులో ఒక్కరు తప్ప తక్కినవారందరు బూట్లు లేకయే ఆడిరి. దేశమంతయు ఆనందించెను. కాని అదే కలకత్తాలో లీగు మాత్రము ఆ తరువాత ఇరువది మూడేండ్లవరకు భారతీయ జట్టు దేనికిని దక్కలేదు.

దీనికి కారణము లేకపోలేదు. మొదటిది నియమము. లీగు మొదటి తరగతిలో రెండు భారతీయ జట్లకు మించి యుండరాదని కట్టుబాటు. మా మెదకులో, కరవు కాలమున కూలిజనుల చేతులతో లేచిన చర్చి 1924 డిసెంబరు 25వ తేదీన ప్రతిష్ఠ జరుపుకొనెను. ఆ ఏటివరకు కలకత్తాలో ఈ కట్టుబాటు సాగుచునే యుండెను. 1925లో అది తొలగి ఈస్ట్ బెంగాల్ జట్టునకు ప్రవేశము దొరకెను. రెండవ కారణము వాన. కప్పు పోటీ కొన్ని దినములలో ముగియును. ఆ దినములలో నేల పొడిగ నుండిన, బూట్లు లేని కాలు బూట్ల కాలిని మించిపోగలదు. లీగు అట్లు కాదు. అది ఎండలలో ఆరంభమై వర్షకాలమంతయు నడచును. బురదలో బూట్లు లేని కాలు జారును, బూట్ల కాలు నిలుచును. ఒక దినపు అదృష్టము లీగులో చెల్లదు. అన్ని ఋతువులకును సిద్ధమైన జట్టే అచ్చట నిలువగలదు.

1934లో ఆ సిద్ధము జరిగెను. మహమ్మడన్ స్పోర్టింగ్ క్లబ్బు 1891లో స్థాపితమైనది. రెండవ తరగతినుండి మొదటి తరగతికి అప్పుడే ఎక్కివచ్చినది. దాని నిర్వాహకులు రెండు పనులు చేసిరి. కలకత్తా వీథులకే పరిమితము కాక, బెంగుళూరు మొదలైన దూరప్రాంతములనుండి మంచి ఆటగాండ్రను రప్పించిరి. నేల తడిసిన దినమున తమ ఆటగాండ్రచేత బూట్లు తొడిగించిరి. పొడినేలపై బూట్లు లేక ఆడగల వేగమును విడువలేదు. బురదలో నిలువగల సాధనమును సమకూర్చిరి. చూచుటకు ఇది ఎంతో సామాన్యమైన యుపాయము. అయినను దానిని పట్టుదలగ అమలు జరుపుటకు అంతకాలము పట్టెను. మొదటి తరగతిలో అడుగిడిన మొదటి ఏటనే ఆ జట్టు లీగును గెలుచుకొనెను. లీగును గెలిచిన ప్రథమ భారతీయ జట్టు అదియే. 1938 వరకు వరుసగ ఐదేండ్లు ఆ స్థానమును విడువలేదు. నడుమ 1936లో షీల్డును కూడ గెలిచెను.

ఈ కథను ఇంతగ చెప్పుటకు కారణమున్నది. ఆ రోజులలోనే మన హైదరాబాదులో ఒక యువకుడు ఆట నేర్చుకొనుచుండెను. ఆయన పేరు సయ్యద్ అబ్దుల్ రహీం, 1909లో జన్మించినవాడు. సికిందరాబాదు, బొల్లారము, తిరుమలగిరి దండులలో ఆంగ్ల సైనికులు ఆడిన ఆటను చూచి నగరమున క్లబ్బులు ఏర్పడినవి. సిటీ కాలేజీ విద్యార్థులు, పూర్వ విద్యార్థులు కూడిన ‘ఎలెవెన్ హంటర్స్’ జట్టులోను, స్థానికపు లీగులో పేరున్న ‘ఖమర్ క్లబ్బు’ జట్టులోను రహీం ఆడెను. ఉస్మానియా విశ్వవిద్యాలయమున చదివి బడిపంతులు అయ్యెను. ఆయన ఆటగాడుగ దేశఖ్యాతి పొందినవాడు కాడు. ఆయన ఖ్యాతి యంతయు పంతులుగ సంపాదించినదే. హైదరాబాదు ఫుట్‌బాలు సంఘము 1939లో ఏర్పడగా, 1943లో ఆయన దానికి కార్యదర్శి యయ్యెను. ఆ పదవిలో కన్నుమూయువరకు నుండెను.

నగరమున పోలీసు జట్టు అప్పటికే తలయెత్తుచుండెను. 1943లో బెంగుళూరులో జరిగిన యాష్ గోల్డ్ కప్పు పోటీలో ఇంగ్లండు క్రీడాకారుడు డెనిస్ కాంప్టన్ ఆడిన రాయల్ ఎయిర్ ఫోర్సు జట్టును ఆ పోలీసులు ఓడించిరి. 1950లో రహీం ఆ జట్టునకు శిక్షకుడయ్యెను. ఆ ఏడే రోవర్స్ కప్పును, మోహన్ బగాన్‌ను ఓడించి డ్యూరాండ్ కప్పును తెచ్చిరి. రోవర్స్ కప్పు 1954 వరకు వరుసగ ఐదేండ్లు హైదరాబాదు దాటి పోలేదు. మరల 1957లో, 1960లో, 1962లో ఈస్ట్ బెంగాల్‌తో కలిసి, 1963లో గెలిచిరి, వెరసి తొమ్మిది. డ్యూరాండ్ కప్పు 1950, 1954, 1957, 1961 ఏడులలో నాలుగుమారులు వచ్చెను. రాష్ట్రజట్ల నడుమ జరుగు సంతోష్ ట్రోఫీని 1956లోను, 1957లోను హైదరాబాదు గెలిచెను. ఒక్క నగరము, అందును పగలు కవాతు చేసి సాయంకాలము బంతి తన్నిన ఉద్యోగుల జట్టు, ఇన్ని కప్పులు గెలిచినది.

కలకత్తాలోవలె పెద్దలీగు లేని నగరమున ఈ ఆటగాండ్రు ఎట్లు తయారైరి? ఇదియే మా ప్రధానమైన ప్రశ్న. రహీం చేసినది గమనించినచో సమాధానము దొరకును. పెద్దవారి లీగు కొరత ఆయన చేతిలో తీరునది కాదు. కనుక చిన్నవారికి ఎడతెగని పోటీలు కల్పించెను. ఆ పోటీలు విచిత్రమైనవి. ఒకటి పొట్టివారి పోటీ: నిర్ణయించిన ఎత్తునకు మించిన బాలునికి అందు ప్రవేశము లేదు. వయస్సు కాగితములను నమ్ముటకంటె గోడపై గీసిన గీతను నమ్ముట మేలని మాకును తోచుచున్నది. పెద్దపిల్లల భుజబలమునకు జంకి మూలకు ఒదుగు చిన్నపిల్లలలో ఆట తెలిసినవాడెవడో ఈ పోటీలో బయటపడును.

మరియొకటి రానికాలి పోటీ. కుడికాలి వాటము గలవాడు ఎడమకాలితోను, ఎడమకాలివాడు కుడికాలితోను ఆడవలెను. మొదట నవ్వులాటగ నుండును. బంతి ఒకవైపు తన్నిన మరియొకవైపు పోవును. కొన్ని వారములు గడచునప్పటికి ఆ బాలుడు ఏ వైపునుండి బంతి వచ్చినను తబ్బిబ్బు పడకుండ నిలువగలుగును. ఎదిరి వానిని ఒకవైపునకు నెట్టుటవలన ఇక లాభము లేదు.

మూడవది డ్రిబ్లింగు లేని పోటీ. బంతిని కాలివద్ద నట్టే పెట్టుకొని ఒక్కొక్కరిని తప్పించుకొనుచు పోవుట నిషిద్ధము. అందిన బంతిని వెంటనే తోడివానికి అందింపవలెను. సందులలో ఆడి పెరిగిన మన పిల్లలకు బంతిని దాచుకొనుట సహజముగ వచ్చు విద్య. ఇవ్వవలసిన వేళను ఎరుగుటయే కష్టము. బంతికంటె వేగముగ పరుగెత్తు మనుష్యుడు లేడు కదా! ఈ పోటీలో బాలుడు బంతి రాకమునుపే తల యెత్తి, ఎవరికి ఇవ్వవలెనో చూచుకొనును. తరువాత హైదరాబాదు జట్లకు పేరు తెచ్చిన చిన్నచిన్న పాసుల ఆట ఈ నియమమునుండి పుట్టినదే. దానిని చూచి మెచ్చుకొనినవారు వేలమంది యుందురు. దాని వెనుకనున్న బడిపంతులు సాయంకాలములను చూచినవారు కొద్దిమందియే యుందురు.

శిక్షకుని కన్ను ఎట్టిదో చెప్పుటకు ఒక్క యుదాహరణ చాలును. సికిందరాబాదు సమీపమున అమ్ముగూడ యను చిన్న గ్రామము కలదు. తులసీదాస్ బలరాం 1936లో అచ్చట పేదయింట పుట్టెను. పారవేసిన పాత పోలీసు బూట్లను చెప్పులు కుట్టువానిచేత ఆటబూట్లుగ మార్పించుకొని ఆడిన బాలుడు. స్థానికపు ఆటలో వానిని చూచిన రహీం సంతోష్ ట్రోఫీ శిక్షణకు రమ్మని పిలిచెను. అంతదూరము ప్రతిదినము వచ్చుటకు ఖర్చులకు లేదని ఆ కుర్రవాడు చెప్పగా, సైకిలు అద్దెకు డబ్బులు పంతులే ఇచ్చెను. ఆ యేడే, 1956లో, బలరాం మెల్బోర్న్ ఒలింపిక్సుకు పోయెను. అజీజుద్దీన్, నూర్ మహమ్మద్, జుల్ఫికరుద్దీన్ మొదలైన హైదరాబాదువారును ఆ జట్టులో నుండిరి. అంతకు నాలుగేండ్లముందు హెల్సింకీలో, చలినేలపై పలువురు బూట్లు లేకయే ఆడి, యుగోస్లావియా చేతిలో 10-1 తేడాతో ఓడిన దేశము, మెల్బోర్న్‌లో ఆస్ట్రేలియాను 4-2తో ఓడించి నాలుగవ స్థానమున నిలిచెను. శిక్షకుడు రహీం.

ఇంతవరకు సంతోషపు కథ. ఇక చెప్పవలసినది వేరు. మరుసటి ఏడు, 1957లో, బలరాం కలకత్తాకు పోయి ఈస్ట్ బెంగాల్ జట్టులో చేరెను. 1961లో ఆ జట్టునకు నాయకుడై లీగును గెలిపించెను. ఆయన తప్పేమియు లేదు. రోవర్స్ కప్పునో, డ్యూరాండ్ కప్పునో ఆడినచో ఏటికి కొన్ని ఆటలు. కలకత్తాలో వారము వారము ఆట, కచేరీలు మూసిన వెంటనే మైదానమునకు పరుగెత్తు జనము, మరునాటి పత్రికలో పేరు, దానితోపాటు ఆదాయము. ఆడనేర్చినవానికి ఆట కావలెను. నేర్పుట ఇచ్చటను, ఆడుట అచ్చటను అయ్యెను. 1966లో సయ్యద్ నయీముద్దీన్, మహమ్మద్ హబీబ్ అదే దారిన పోయిరి. నయీముద్దీన్ నాయకత్వమున 1970 బాంకాక్ ఆసియా క్రీడలలో మన దేశము కంచుపతకము గెలిచెను. 1977లో పెలే ఆడిన కాస్మాస్ జట్టుతో మోహన్ బగాన్ 2-2గ సరిపెట్టినప్పుడు ఆ రెండు గోలులలో ఒకటి హబీబ్‌దే. కలకత్తావారు వీరిని తమవారుగనే చూచుకొనిరి. బలరాం మరల అమ్ముగూడకు రాలేదు. గంగాతీరమున ఉత్తరపారాలో నివసించి, 2023 ఫిబ్రవరి 16వ తేదీన కలకత్తాలో మరణించెను.

రహీం చివరి విజయము 1962 సెప్టెంబరులో జకార్తాయందు. ఆసియా క్రీడల తుదియాటలో మన జట్టు దక్షిణ కొరియాను 2-1తో ఓడించెను. అప్పటికే ఆయనను ఊపిరితిత్తుల కాన్సరు పట్టియుండెను. 1963 జూన్ 11వ తేదీన కన్నుమూసెను. ఆ యేడు వచ్చిన రోవర్స్ కప్పే పోలీసు జట్టునకు తుది రోవర్స్ కప్పు. 1965-66లో ఆంధ్రప్రదేశ్ సంతోష్ ట్రోఫీ గెలిచెను. అది కూడ ఆయన పెంచిన మొక్కల ఫలమే. ఆ తరువాత ఆ ట్రోఫీ మన గడప తొక్కలేదు. రహీం జీవితముపై 2024లో ‘మైదాన్’ అను హిందీ చలనచిత్రము వచ్చినపుడు మన పిల్లలు పలువురు ఆయన పేరు మొదటిసారి వినిరి.

ఒక్క మనుష్యుడు పోయినంతనే ఒక నగరపు ఆట యెందుకు క్షీణింపవలెను? కలకత్తాలో 1934 నాటి నిర్వాహకులు, ఆటగాండ్రు అందరును ఎప్పుడో పోయిరి, లీగు నిలిచినది. ఆ లీగునకు రోగము లేదు, వార్ధక్యము లేదు. పంచాంగమువలె ఏటేట తిరిగి వచ్చును. హైదరాబాదులో లీగు ఉండెను గాని, అది జనమును మైదానమునకు ఈడ్చినది కాదు. ఆటగాండ్రను ఊరిలో నిలుపగలిగినది కాదు. రహీం కల్పించిన పోటీలు రహీంతోనే సాగినవి. వాటికి నియమావళి ఆయన మనస్సు, నిధి ఆయన జేబు. మొన్నమొన్న, 2019లో, హైదరాబాదు పేరిట ఇండియన్ సూపర్ లీగులో ఒక జట్టు ఏర్పడి 2022 మార్చిలో విజేత కూడ అయ్యెను. 2025లో ఆ జట్టు ఢిల్లీకి తరలిపోయెను. వీథిలో వేరు లేని చెట్టును కుండీతో సహా ఎత్తుకొనిపోవుట కష్టము కాదు.

ఇక మా మెదకు సంగతి. జిల్లాకు పేరు మాది, కచేరీలు సంగారెడ్డివి. 2016 అక్టోబరువరకు ఇట్లే గడచెను. ఇప్పుడు కచేరీలును వచ్చినవి. క్రీడాస్థలము కావలెనని అర్జీలు పెట్టుట మంచిదే. అంతవరకు చేతులు ముడుచుకొని కూర్చుండనక్కరలేదు.

పట్టణమునుండి నాలుగు, చుట్టుపట్ల పల్లెలనుండి నాలుగు, ఎనిమిది జట్లను కూర్చుకొందము. ప్రతి జట్టును తక్కిన ఏడింటితో ఒక్కొక్కసారి ఆడవలెను. మొత్తము 28 ఆటలు. ఒక్కొక్క ఆదివారము నాలుగు ఆటలు: ఉదయము రెండు, సాయంకాలము రెండు. ఏడు ఆదివారములలో లీగు ముగియును. దసరా మరునాటి ఆదివారమున మొదలిడినచో క్రిస్మసు సంబరములకు ముందే పూర్తియగును. వానలును వెనుకబడి యుండును, పరీక్షలును దూరముగ నుండును. కావలసిన సామగ్రి రెండు బంతులు, ఒక ఈల, గీతలు గీయుటకు సున్నము, లెక్కలు వ్రాయుటకు ఒక పుస్తకము. రహీం పద్ధతిలో పొట్టివారి లీగు కూడ జరుపదలచిన, గోడపై ఒక గీత. కప్పు కొనుటకు ఉంచిన సొమ్ములో పల్లెజట్ల ఆటో కిరాయికి కొంత తీసియిచ్చిన మంచిది. మధ్యలో రాక మానుకొను జట్టు సాధారణముగ కిరాయికి జంకియే మానుకొనును.

గెలుపునకు మూడు పాయింట్లు, సమానమైన ఒకటి. పూర్వము గెలుపునకు రెండే యుండెడివి. మూడైనప్పటినుండి గెలువవలెనను ఆశ హెచ్చినది. ప్రతి ఆదివారపు రాత్రి పట్టికను తెల్లకాగితముపై వ్రాసి, బస్టాండు వద్ద, బడిగోడపైన అతికింపవలెను. ఎనిమిదవ స్థానముననున్న జట్టు పేరును అందులో స్పష్టముగ వ్రాయవలెను. మొదటి ఆరు ఆటలు ఓడియున్నను, ఏడవ ఆదివారము సాయంకాలము నాలుగు గంటలకు ఆ జట్టునకు ఆట యున్నది.